గుప్పెడు తవుడికి ఓవెన్

ఒంటిగంటా పదికి ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు వాణ్ణి. ఒక గంట పడుతుంది, కాస్త అటూ ఇటూగా, అన్నాడు డాక్టరు. ఆ అటేమిటో ఇటేమిటో అడగాలని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను. నేను కూర్చున్న కుర్చీ మెత్తగానే ఉంది గానీ కదిలితే కీచుమంటోంది, అందుకని కదలడం మానేశాను, అరవై ఏళ్ళ మనిషిని, కుర్చీకి భయపడి బిగుసుకుని కూర్చున్నాను. కిటికీ అవతల జులై ఎండ. సిడ్నీ చలికాలపు ఎండ చూడ్డానికే గానీ ఒంటికి తగలదు, పద్నాలుగేళ్ళయింది ఈ దేశం వచ్చి, జులైలో చలేమిటని నా ఒళ్ళు ఇంకా సణుగుతూనే ఉంది. నా భార్య కస్తూరి కింద ప్రార్థన గదిలో ఉంది. కూతురు జాక్లిన్ పై వార్డులో మంచం మీద, పక్కన అల్లుడు స్టీవ్. కూతురి మొహం చూడలేక, భార్యతో కలిసి మోకరించలేక నేనొక్కణ్ణే ఈ గడియారం కింద మిగిలాను. తొమ్మిది వందల గ్రాముల మనిషి వాడు, నా మనవడు. మేముండే పెండిల్ హిల్‌లో కిరాణా కొట్లో కందిపప్పు ప్యాకెట్టు కిలో తూగుతుంది, వాడు అంత కూడా లేడు. పుట్టి తొమ్మిది రోజులు. గుండె దగ్గర ఏదో చిన్న గొట్టం ఉంటుందిట, పుట్టగానే దానంతటదే మూసుకుపోవాలిట, అందరికీ మూసుకుపోతుందిట, నాకూ మూసుకుపోయే ఉంటుంది, నాకు తెలియకుండానే. వీడికి మూసుకుపోలేదు. అగ్గిపుల్లల్లాంటి పక్కటెముకల మధ్యనుంచి వెళ్ళి దానికి ముడి వెయ్యాలి. ఆ డాక్టరు చేతులు చూశాను, రైతు చేతుల్లా ఎంత పెద్దవో. ఆ వేళ్ళు అక్కడికెలా పోతాయి, పోయి ఎలా తిరిగొస్తాయి.

వాడికి పేరు లేదు. గాజు పెట్టె మీద అంటించిన అట్టముక్క మీద 'బేబీ ఆఫ్ జాక్లిన్' అని మాత్రం ఉంది. తీసుకెళ్ళే ముందు నర్సు కుల్సుం అడిగింది, హైదరాబాదు అమ్మాయి, మనకి ఇక్కడ దేవుడిచ్చిన తెలుగు నోరు. "పేరేం రాయమంటరు అంకుల్? థియేటరోళ్ళు అడుగుతున్నరు," అంది. నేను నోరు తెరిచేలోగా జాక్లిన్ మంచం మీంచే చెప్పేసింది. "నో నేమ్, కుల్సుం. నాట్ టిల్ హి కమ్స్ బ్యాక్." నేను తెరిచిన నోరు మూసుకున్నాను. దాని తప్పు లేదు. పోయినేడు ఆరో నెల నిండకుండానే ఆడపిల్లని తెలిసి సెరీనా అని పేరు పెట్టుకున్నారు, క్వేకర్స్ హిల్‌లో వాళ్ళ కొత్త ఇంట్లో గది గోడకి చెక్క అక్షరాలు అంటించారు, ఆ పేరుతో పలకరిస్తూ కడుపు నిమురుకునేది నా కూతురు. సెరీనా రెండు రోజులు ఉంది. అక్షరాలు ఊడదీస్తుంటే గోడ సున్నం పెచ్చులు లేచిందని స్టీవ్ నాతో చెప్పాడు, చెప్పి, సున్నం గురించే ఇంకో పది నిమిషాలు మాట్లాడాడు. ఎలక్ట్రీషియన్, తక్కువ మాటల మనిషి. అంతసేపు మాట్లాడటం అప్పుడే విన్నాను. అందుకని ఈసారి పేరు మాట ఎత్తొద్దని శాసనం. నేనెత్తలేదు. కానీ లోపల ఒక పేరు పెట్టుకుని కూర్చున్నానని అందరికీ తెలుసు. జాక్లిన్‌కి పెళ్ళి కాకముందు నుంచీ ఆ పేరు నా నాలుక చివర ఉంది. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అని కస్తూరి ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. సోమలింగం కాదే, ఓవెన్. నా పేరు. మనవడికి తాత పేరు పెట్టడం నేరమా ఏమన్నా.

కొల్లాబత్తుల ఓవెన్, మా గోదావరి పక్క చర్చి రిజిస్టరులో అలా ఉంటాను, ఇంటిపేరు ముందు, మనిషి వెనక. ఇక్కడికొచ్చేటప్పుడు కాగితాలు నింపిన పుణ్యాత్ముడు ఎవరో గానీ వెనకున్నదే ఇంటిపేరనుకున్నాడు, దాంతో నేను మిస్టర్ ఓవెన్, కస్తూరి మిసెస్ ఓవెన్, మా కొల్లాబత్తులవారందరూ ఒక్క రబ్బరు స్టాంపు దెబ్బకి కొట్టుకుపోయారు. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని. మొదటి రోజున ఫోర్‌మన్ జాబితాలో ఓవెన్ అని పిలిచి, నేను లేచి నిలబడితే నా వెనక చూశాడు. నా వెనక గోడ ఉంది. అక్కడే గ్లిన్ అని వేల్స్ దేశపు ముసలాయన ఉండేవాడు, బొగ్గు గనుల్లో సగం ఊపిరి పోగొట్టుకుని వచ్చినవాడు. టీ వేళ నన్ను కూర్చోబెట్టి, "ఆ పేరు ఎవరిదో తెలుసా నీకు?" అన్నాడు. తెలుసు, మా మిషన్ డాక్టరు గారిదన్నాను. కాదు, అన్నాడాయన. ఆ కాదు అన్న దగ్గర్నుంచి మొదలైంది నా పిచ్చి. లైబ్రరీలో లావుపాటి పుస్తకాలు, చిన్న అక్షరాలు, నా ఇంగ్లీషు, నా కళ్ళజోడు. శనివారాలు జాక్లిన్‌ని టెన్నిస్‌కి దింపి నేను ఓవెన్‌లని వెతుక్కునేవాణ్ణి. దొరికారు. ఒక్కొక్కరు దొరుకుతుంటే ఎలా ఉండేదంటే, కిరాణా కొట్టువాడి దగ్గర పొట్లం కట్టించుకున్న కాగితం విప్పి చూస్తే రాజుగారి దస్తావేజు అయినట్టు.

ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక ఓవెన్, వేల్స్‌లో గ్వినెడ్ అనే సీమకి రాజు, వాళ్ళ భాషలో ఒవైన్ అంటారు. ఇంగ్లీషు రాజు అంతులేని సైన్యంతో కొండలెక్కి వస్తుంటే ఈయన ఎదురు నిలిచాడు, ఇంతలో ఆగస్టు నెలలో కుండపోత వాన పట్టుకుంది, బండ్లు దిగబడి, తిండి లేక, అంత సైన్యమూ వెనక్కి పోయింది. వాన కాపాడింది ఆ ఓవెన్‌ని. తర్వాత ఎర్రచెయ్యి ఓవెన్, తన దేశం తనకి దక్కాలని ఫ్రాన్సులో ఏళ్ళ తరబడి కత్తిపట్టుకు తిరిగాడు, చివరికి ఒక కోట ముట్టడిలో ఉండగా నమ్మిన నౌకరే పొడిచాడు. ఆయన్ని ఏ వానా కాపాడలేదు. తర్వాత గ్లిన్‌డూర్ ఓవెన్, మా గ్లిన్ ఆయన పేరెత్తితే టోపీ తీసేవాడు. ఏభైకి దగ్గరపడ్డ వయసులో, పొలాలూ పుట్రా చూసుకుంటూ హాయిగా ఉండాల్సిన మనిషి, ఒకరోజున లేచి నేనే ఈ దేశానికి రాజునన్నాడు. కోటలు పట్టాడు, సభ పెట్టాడు, అన్నీ పోగొట్టుకున్నాడు. భార్యనీ కూతుళ్ళనీ పట్టుకుపోతే వాళ్ళు లండన్ చెరలోనే పోయారు. క్షమిస్తాం రమ్మన్నా రాలేదు. ఆయన తలకి వెల కట్టారు, ఒక్కడంటే ఒక్కడు పట్టివ్వలేదు. ఎక్కడ చనిపోయాడో, ఎక్కడ పాతారో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఒక దేశం దేశమంతా నోరు మూసుకుని ఒక మనిషిని దాచింది. అది చదివిన రోజున బ్లాక్‌టౌన్ లైబ్రరీలో నేను లేచి నిలబడ్డాను, ఎందుకు నిలబడ్డానో తెలియలేదు, లైబ్రరీ అమ్మాయి ఏమైనా కావాలా అని అడిగింది. ఇంకొకాయన, రిచర్డ్ ఓవెన్, రాజూ కాదు గీజూ కాదు, ఎముకలు చదివే మనిషి. న్యూజిలాండ్ నుంచి ఎవరో జానెడైనా లేని ఎముక ముక్క తెస్తే, రెండు చివర్లూ విరిగినది, చూసి చూసి, ఇది పక్షి ఎముక, నిప్పుకోడంత పక్షి అక్కడ ఉండేదన్నాడు. ఎవరూ అలాంటి పక్షిని కంటితో చూసినవాళ్ళు కారు. నవ్వినవాళ్ళు నవ్వారు. నాలుగేళ్ళకి పెట్టెల కొద్దీ ఎముకలు వచ్చాయి. అంత ముక్కలో అంత పక్షిని చూశాడు ఆ మహానుభావుడు, అంత ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చింది. నేను తొమ్మిది వందల గ్రాముల వాణ్ణి చూస్తే నాకు గొట్టాలూ తీగలూ తప్ప ఏమీ కనిపించవు. గడియారం ఒంటిగంటా ముప్పై రెండు.

పొద్దున కస్తూరి బస్సులో నా చెవిలో అడిగింది. "ఏవండీ, వాణ్ణి ఎవరికైనా అమ్మేద్దామా?" నాకు ఒళ్ళు మండింది. "మతి పోయిందా నీకు, ఇది పంతొమ్మిది వందల తొంభై ఒకటి, గుండెకి ముడులేసే డాక్టర్లున్న చోట అమ్మడమేంటి," అన్నాను. "మిమ్మల్ని అమ్మబట్టే కదా మీరున్నారు," అంది. నేను కిటికీ వైపు తిరిగాను. నిజమే, నేను అమ్ముడుపోయినవాణ్ణి. మా అమ్మ మార్తమ్మకి నాకు ముందు నలుగురు పుట్టి నలుగురూ పోయారు, ఎవరూ ఏడాది దాటలేదు. నేను ఐదోవాణ్ణి. పిల్లలు నిలవని తల్లి, పుట్టినవాణ్ణి చేటలో తవుడు పోసి పడుకోబెట్టి, పరాయివాళ్ళకి గుప్పెడు తవుడికి అమ్మేస్తుంది. ఇక వాడు ఆవిడ బిడ్డ కాడు, ఆవిడ బిడ్డల కోసం వచ్చే చావుకి వాడు కనపడడు. మాలో తవిటయ్యలూ తవిటమ్మలూ అందుకే అంతమంది. క్రీస్తును నమ్ముకున్నా ఆ నమ్మకం మాత్రం ఎవరూ వదులుకోలేదు. మా అమ్మ చేట పట్టుకుని తిన్నగా మిషన్ ఆసుపత్రి వరండాలోకి వెళ్ళి డాక్టరు ఓవెన్ దొరగారి ముందు పెట్టింది. ఏమివ్వాలని ఆయన అడిగితే ఆయా చెప్పింది, గుప్పెడు తవుడు దొరగారూ అని. ఆయన నవ్వలేదట. కోటు విప్పి, పశువుల పాకలోకి తనే వెళ్ళి, గుప్పెడు తవుడు తెచ్చి మా అమ్మ చేతిలో పోసి, చేట ఎత్తుకున్నాడట. చర్చి అయ్యగారు ఆదివారం ప్రసంగంలో దుమ్మెత్తిపోశారు, ఇది అన్యుల ఆచారం, అయినా బైబిల్లో ఓవెన్ ఎక్కడున్నాడమ్మా అని. "కొన్నాయన పేరు పెట్టకపోతే బేరం చెల్లదు అయ్యగారూ," అంది మా అమ్మ, నలుగురిలో నిలబడి. బేరమైన సాయంత్రమే దొరగారు నన్ను మళ్ళీ మా అమ్మకే పెంచమని ఇచ్చారు. పెంచింది. పాలిచ్చింది, తల దువ్వింది, చదివించింది. నన్ను కొడుకా అని మాత్రం ఒక్కసారీ పిలవలేదు. దొరగారి బాబు. బాబూ, అన్నం తిను. ఎవరైనా మీ అబ్బాయా అని అడిగితే, కాదండీ దొరగారి బాబు, మా ఇంట్లో పెరుగుతున్నాడు, అనేది. నాకు ఏడేళ్ళప్పుడు దొరగారు లాంచీ ఎక్కి వెళ్ళిపోయారు, తిరిగి రాలేదు. అయినా దొరగారి బాబే.

కోపం వచ్చేది నాకు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమిటి, చాలా కోపం వచ్చేది. బళ్ళో పోట్లాట అయితే మిగతా తల్లులు మా వాడు మా వాడు అని పరిగెత్తుకొచ్చేవాళ్ళు, మా అమ్మ దూరంగా నిలబడి ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసేది, చీర కొంగు మాత్రం నోట్లో కుక్కుకునేది. నాకు పెళ్ళయింది, జాక్లిన్ పుట్టింది, ఇంకా ఏం చావు వస్తుంది నాకోసం, ఇక పిలువమ్మా అని అడిగాను కూడా. నవ్వి ఊరుకుంది. అరవై తొమ్మిదిలో ఆవిడ పోయేటప్పుడు మంచం పక్కన కూర్చుని కాసుకున్నాను, మూడు రోజులు, ఆఖరికైనా అంటుందని. కళ్ళు తెరిచి నన్ను చూసింది. "దొరగారి బాబూ, కాసిని నీళ్ళు," అంది. అవే ఆఖరి మాటలు. నేను నీళ్ళు పోశాను, పోసి, బయటికొచ్చి, దండెం మీది బట్టలన్నీ లాగి కింద పారేశాను. ఇరవై రెండేళ్ళు ఆ కోపం నాలో అలాగే ఉంది. ఒంటిగంటా నలభై ఐదు. ఎవరో తలుపు తీశారు, లేచాను, కుర్చీ కీచుమంది, మన కోసం కాదు.

ఇంకొక ఓవెన్ ఉన్నాడు, అందరికంటే ఎక్కువ నన్ను పట్టుకున్నవాడు. ఓవెన్ ట్యూడర్. రాణివాసంలో కొలువు చేసుకునే మామూలు మనిషి, రాజు పోయిన రాణిని గుట్టుగా పెళ్ళాడాడు. ముసలితనంలో యుద్ధంలో ఓడి దొరికాడు. హెర్‌ఫర్డ్ ఊళ్ళో సంత మధ్య నిలబెట్టినా చంపుతారని నమ్మలేదట, ఎర్రచొక్కా కాలరు చింపి మెడ ఖాళీ చేసేదాకా. అప్పుడు, రాణి ఒళ్ళో పడుకున్న తల ఇది, ఇప్పుడు ఈ మొద్దు మీద పడుకుంటుంది, అని మాత్రం అన్నాడట. తెగిన తలని సంత మెట్ల మీద పెడితే ఒక పిచ్చిది వచ్చి, రక్తం కడిగి, జుట్టు దువ్వి, చుట్టూ నూరు కొవ్వొత్తులకి పైగా వెలిగించింది. ఆవిడెవరో ఎవరూ రాయలేదు. ఇదంతా నేను జాక్లిన్‌కి, కస్తూరికి, స్టీవ్‌కి చెప్పి విసిగించినదే. కానీ ఈ కుర్చీలో కూర్చున్నాక, ఎన్నడూ ఆలోచించనిది ఒకటి తట్టింది. ఆ రోజుకి ఆయనకి ఒక మనవడు ఉన్నాడు, నాలుగేళ్ళవాడు, తండ్రి పోయాక పుట్టినవాడు. పదమూడేళ్ళ తల్లి కన్నది వాణ్ణి. బతుకుతాడని ఎవరనుకుని ఉంటారు. ఆ పిల్లాడే ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఇంగ్లాండుకి రాజయ్యాడు. తాత చూడలేదు. ఆ పిల్లాడి పేరు ఓవెన్ కాదు, హెన్రీ. పద్నాలుగేళ్ళుగా ఈ పేరు చరిత్ర తవ్వుతున్నాను, ఇంత మంది ఓవెన్‌లు, నరికించుకున్నవాడూ పొడిపించుకున్నవాడూ జాడ తెలియకుండా పోయినవాడూ, ఈ పేరు ఎవరిని కాపాడింది గనక. నన్ను మాత్రం కాపాడిందని ఎలా అనుకున్నాను. నన్ను కాపాడింది పేరు కాదు. నా కొడుకు అన్న ఒక్క మాట నోటిదాకా వచ్చిన ప్రతిసారీ మింగేసిన మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు మింగింది. ఆఖరి గుక్క నీళ్ళు అడిగేటప్పుడు కూడా బేరం తప్పలేదు, ఆవిడ పోయాక కూడా నేను ఉండాలని. ఆవిడ అప్పటికీ నన్ను బతికిస్తూనే ఉంది, నేను దండెం మీది బట్టలు పారేస్తున్నాను. అమ్మా, అనుకున్నాను, పైకే అన్నానేమో, ఎదురు కుర్చీలో కూర్చున్న ఎవరో ఒకావిడ పత్రికలోంచి తలెత్తి చూసింది. రాజులెంత, కోటలెంత. పుస్తకాల్లో ఎక్కడా లేని మా మార్తమ్మ ముందు నేను ఆ కుర్చీలోనే మోకరించినంత పని చేశాను.

నా దగ్గర అమ్మడానికి ఏముంది. పిల్లవాడు నావాడు కాదు, జాక్లిన్ బిడ్డ, అమ్మే హక్కు నాకు లేదు. నాది అని చెప్పుకునేది, నోరు ఊరేంత కోరుకునేది ఒక్కటే ఉంది. తీసుకో, అన్నాను. ఎవరితో అన్నానో నిజంగా నాకు తెలియదు, దేవుడితో అన్నానో, ఓవెన్ దొరగారితో అన్నానో, మా అమ్మతో అన్నానో. వాడికి ఈ పేరు పెట్టను, పెట్టనివ్వను, ఎందుకని ఎవరికీ చెప్పను. ఈ పేరు నాతోనే ఆగిపోనీ. వాణ్ణి ఉంచు. అనేశాక ఒంట్లోంచి ఏదో తీసేసినట్టు ఖాళీగా, చల్లగా అయిపోయింది. ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు దాచుకున్నది అంత తొందరగా ఇచ్చేశానే అని నిజంగా బాధేసింది. గడియారం వైపు చూడటం మానేశాను.

"అంకుల్," అంది కుల్సుం. ఎప్పుడొచ్చిందో. "మంచిగున్నడు. ముడేసిన్రు. లోపలికి తెచ్చిన్రు, రండ్రి." ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని లేపింది. లోపల గాజు పెట్టె చుట్టూ అందరూ ఉన్నారు. జాక్లిన్ చక్రాల కుర్చీలో, వెనక స్టీవ్, కస్తూరి కళ్ళు వాచి. వాడు వెల్లకిలా ఉన్నాడు. చంక కింద నా చిటికెన వేలి గోరంత పట్టీ. రొమ్ము లేస్తోంది, పడుతోంది, లేస్తోంది. అంతే, ఇంకేమీ చెయ్యడం లేదు వాడు, ఆ ఒక్క పనీ చేస్తున్నాడు. అలా చూస్తూ ఎంతసేపైనా ఉండగలను.

"డాడీ," అంది జాక్లిన్. "హి మేడ్ ఇట్. ఇప్పుడు పేరు పెడదాం. నేనూ స్టీవూ అనుకున్నాం. ఓవెన్. మీ నోటితోనే పిలవండి, గో ఆన్."

దాని మొహం చూశాను. పద్నాలుగేళ్ళు కలగన్న మాట అది, అదే నోటితో, అంత ప్రేమగా. నాలుక చివర ఉన్నదాన్ని లోపలికి లాక్కోవడం ఇంత కష్టమని తెలియదు. "వద్దమ్మా," అన్నాను.

"వాట్ డూ యు మీన్ వద్దు?"

"ఆ పేరు వద్దు. ఇంకేదైనా పెట్టుకోండి."

జాక్లిన్ మొహం పాలిపోయింది. "వీడు ఉండడనుకుంటున్నారా డాడీ? మీ పేరు వేస్ట్ అయిపోతుందనా?" ఆ మాట నాకు గుండెలో దిగింది. చెప్పేద్దామనుకున్నాను, అంతా చెప్పేద్దామనుకున్నాను. కస్తూరి నా వైపు చూసింది. ముప్పై నాలుగేళ్ళ కాపురం మాది. నేనేం చేసి వచ్చానో దానికి తెలిసిపోయింది. వంగి కూతురి తల పొట్టకి ఆనించుకుంది. "నాన్న మాట విను తల్లీ. ఏదో ఉంటుంది," అంది. నేను జాక్లిన్ ముందు వంగి కూర్చుని దాని రెండు చేతులూ పట్టుకున్నాను. "ఉంటాడు. నా కళ్ళలోకి చూడు. ఉంటాడమ్మా," అన్నాను. అది చూసింది. నమ్మిందో, నా మొహం చూసి జాలిపడిందో గానీ చివరికి తలాడించింది. "స్టీవ్, నువ్వు చెప్పు," అన్నాను లేస్తూ.

స్టీవ్ మెడ రుద్దుకున్నాడు. "ఐ ఆల్వేస్ లైక్‌డ్ షేన్," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

షేన్. నా నోరు అప్పటిదాకా పలకని మాట. కుల్సుం గాజు పెట్టె పక్క గుండ్రటి కిటికీ తెరిచి నాకు చోటిచ్చింది, నేను వంగి మూతి దగ్గరగా పెట్టి, షేన్ అని పిలిచాను. రొమ్ము లేచింది, పడింది. ఆ పేరున్న రాజులెవరో, వీరులెవరో, ఏ దేశంలో ఏం చేశారో నాకు ఒక్కరూ తెలియదు. వీడొక్కడే తెలుసు.